కింది వైపు నుంచి వచ్చిన వేడి

దయ్యాల మాట ఎవరెత్తినా ముందు రుజువు అడిగే మనిషిని నేను. భౌతికశాస్త్రం చదివినవాణ్ణి, కొలతకు అందనిదాన్ని ఏనాడూ ఒప్పుకోలేదు. ఇది నమ్మమని మిమ్మల్నీ అడగను. పరిశీలించినది మాత్రం రాస్తున్నాను.

రెండువేల దశకం మధ్యలో వనపర్తిలోని ఒక చిన్న ప్రయోగశాలలో పనిచేసేవాణ్ణి. నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్-కిరణాలను అతివేగంగా, ఒక్కొక్క ఫోటాన్‌గా లెక్కించే సెన్సర్ తయారీ మా పని. ఫోటాన్ తగిలితే సెన్సర్ పైపొర రవ్వంత వేడెక్కుతుంది. కింది వైపు చల్లగానే ఉంటుంది కనుక రెంటి మధ్య చిన్న వోల్టేజి పుట్టి, తెరమీద గీత పైకి లేస్తుంది. ఇదంతా ద్రవ హీలియం చలిలో, గాలి తీసేసిన పాత్రలో జరగాలి. ఆ హీలియం హైదరాబాద్ నుంచి కొత్తకోట మీదుగా జీపులో వచ్చేది.

సెన్సర్ కింది వైపును పాత్రకు అతికించేవాడు గోపాల్‌పేట నర్సింహులు. ఒకనాడు మా పెద్దసారు తొందరపడి మూత తీయబోయాడు.

"లోపల ఇంకా సల్లగనే ఉంది సార్, జర ఆగుండ్రి. తేమ వట్టి పగుల్తది" అన్నాడు నర్సింహులు.

సారు వినలేదు. మూత తీశాడు, సెన్సర్ పగిలింది. తప్పు నర్సింహులుదని నివేదిక రాశాడు. ప్రత్యక్ష సాక్షిగా నేను సంతకం చేశాను.

పని పోయిన రోజు నర్సింహులు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"నీ కండ్ల ముంగటనే అయింది గద సారూ. అన్నీ చూసి రాస్తడని నీకు పేరు. ఆ పేరే లేకుంట జేస్త."

నాలుగు నెలలకు జ్వరంతో చనిపోయాడు.

కొత్త సెన్సర్ ముందు నేను కూర్చున్న తొలి ఉదయమే గీత కిందికి పడింది. అంటే వేడి కింది వైపు నుంచి, అతను అతికించే చోటు నుంచి, వస్తోంది. తీగలు తారుమారు కాలేదు. పరీక్ష కోసం ఎదురుగా పెట్టిన ఎక్స్-కిరణాల మూలాన్ని తీసేసినా ఆగలేదు. ఆంప్లిఫయర్ మార్చినా ఆగలేదు. నేను వరండాలోకి వెళితే ఆగేది. వేరెవరు కూర్చున్నా సెన్సర్ సక్రమంగా పనిచేసేది. క్రమంగా నా కొలతలను అందరూ లెక్కచేయడం మానేశారు.

"నువ్వు ముట్టకుంటే మంచిగనే నడుస్తది" అని పెద్దసారు నవ్వాడు.

గోపాల్‌పేట వెళ్లి నర్సింహులు భార్యకు నిజం చెప్పాను. ఆమె చేతిలోని చేట కింద పెట్టలేదు.

"నాకెందుకు జెప్తవ్ సారూ, నాకెరుకనే. రాసినకాడ జెప్పు."

చెప్పాను. జరిగినదంతా రాసి పైవాళ్లకు పంపాను. నర్సింహులు మీది నింద తొలగిస్తూ ఉత్తరువు వచ్చింది. ఆ మధ్యాహ్నం మళ్లీ సెన్సర్ ముందు కూర్చున్నాను. గీత కిందికే పడింది, మునుపటికంటే లోతుగా.

పెద్దసారు కూర్చున్నప్పుడు ఒక్కసారి కూడా అలా పడలేదు. మూత తీసిన చేతిని విడిచిపెట్టి, చూసి ఊరుకున్న నన్నే అది ఎందుకు పట్టుకున్నదో ఇప్పటికీ వివరించలేను.