అరచేత్తో లెక్కపెట్టిన పేలుళ్లు

నా చిన్నప్పుడు మా ఇంగ్లీషు టీచరు మాటలని వారానికొక బుట్ట చొప్పున ఇచ్చేది. ఒక వారం పండ్ల బుట్ట, ఒక వారం జంతువుల బుట్ట. నేను ఐదో తరగతిలో ఉండగా రెండు బుట్టలు ఒకేసారి ఇచ్చింది. ఒకదాంట్లో చాలా పెద్దవాటిని చెప్పే మాటలు: హ్యూజ్, ఎనార్మస్, జైగాంటిక్, కొలాసల్. రెండోదాంట్లో బరువైన చప్పుళ్లు: థడ్, బూమ్, రంబుల్, క్రాష్. ఒక్కో మాటకి సొంతంగా ఒక వాక్యం రాసుకు రమ్మంది. పుస్తకంలోంచి ఎత్తి రాస్తే ఒప్పుకోనని ముందే చెప్పింది.

పెద్దవాటికీ చప్పుళ్లకీ మా ఊళ్లో కరువు లేదు. పుత్తూరు నుంచి లోపలికి వెళ్లే దారిలో ఉండేది మా ఊరు. ఊరి వెనక నల్లరాతి గుట్ట, ఆ గుట్టకి క్వారీ. మా నాయన అక్కడ ట్రాక్టరు తోలేవాడు. ఆడపిల్లకి కాన్వెంటు చదువు దేనికని నలుగురూ అంటున్నా వినకుండా నన్ను పుత్తూరులో చేర్పించాడు. ఆ సంగతి ఆయనకి ఎంత గర్వమో నాకు అంతకు రెండింతలు. వీధిలో ఎవరు కనబడితే వాళ్లని ఆపి ఇంగ్లీషు మాటలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని. నిండు కుండ తొణకదంటారు, మనది సగం కుండ అని మా అమ్మ నవ్వేది.

పక్కింటాయనని నేను పెదనాయనా అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, గోడ కలిసిన వరస అంతే. ఆయన క్వారీలో ఈల మనిషి. రాతిలో వరసగా రంధ్రాలు తొలిచి, మందు కూరి, మధ్యాహ్నం అందరూ అన్నానికి దిగాక వత్తులు అంటించేవాళ్లు. ఒక వత్తి కంటే ఇంకోటి కాస్త పొడుగ్గా కోసేవాళ్లు కాబట్టి పేలుళ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. వాటిని లెక్కపెట్టడం పెదనాయన పని. పది పెడితే పదీ పేలాలి. లెక్క సరిపోతేనే ఆయన ఈల ఊదేవాడు, ఆ ఈల వింటేనే మనుషులు మళ్లీ గుట్టెక్కేవాళ్లు. ఒక్కటి తగ్గినా పేలని మందు రాతిలో ఉన్నట్టే. మా నాయనతో సహా ముప్పై మంది ప్రాణాలు ఆ లెక్క మీద నడిచేవి.

చప్పుళ్ల మాటలకి వాక్యాలు కావాలని నేను ఒక సెలవు రోజున నాయనతో క్వారీకి వెళ్లాను. గుట్టకి చాలా దూరంలో, రేకుల షెడ్డు పక్కన పెదనాయన ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. నేను వెనక నుంచి రెండుసార్లు పిలిచాను. మూడోసారి గట్టిగా పిలిచాను. తిరగలేదు. ముందుకొచ్చి నిలబడితే ఉలిక్కిపడి, తర్వాత నవ్వాడు. నా మొహంలో ఏం కనబడిందో గానీ, దాచిపెట్టలేదు.

"చెవులు పొయ్యి నాలుగేండ్లయింది పాపా. ఇన్నేండ్లు ఈ సప్పుడు కాడ కూర్చుంటే ఉంటాయా అవి? సెయ్యి ఉండాది గదా, దాంతో ఇంటాను. ఈ మాట యాడా అనబాక. అన్నావంటే ఈల తీసేసుకుంటారు."

అనను అన్నాను. తలమీద చెయ్యి పెట్టుకుని మరీ అన్నాను.

ఆయన నా అరచేతిని బండకి ఆనించి, రెండో చేత్తో ఒక చెవి మూసుకోమన్నాడు. ఇంకో చెవిని తనే మూశాడు. పేలుళ్లు మొదలయ్యాయి. నేలలోంచి ఏదో వచ్చి నా చేతిని తట్టి వెళ్లింది. గట్టి బండలో పేలితే ఒక్క గుద్దు గుద్ది ఆగిపోతుందని, లోపల డొల్ల ఉంటే మోచేతి దాకా పాకుతుందని, రాళ్లు దొర్లుతుంటే చీమలు నడిచినట్టు ఉంటుందని ముందే చెప్పాడు. అలాగే ఉంది. థడ్, బూమ్, రంబుల్ అని టీచరు బోర్డు మీద రాసిన మాటలు మూడూ నా అరచేతిలోకి వచ్చాయి. చివర్లో ఆయన ఎనిమిది వేళ్లు చూపించి ఈల ఊదాడు. పెట్టినవి ఎనిమిదే.

సోమవారం నా వాక్యాలు నేనే చదివాను. మా పెదనాయన థడ్ ని అరచేత్తో వింటాడు అని మొదటి వాక్యం. క్వారీ మేనేజరు కూతురు నా తరగతే, ఎప్పుడూ ఫస్టు వచ్చేది. అది లేచి, ఇదంతా అబద్ధం మిస్, మా క్వారీలో చెవులతోనే లెక్కపెడతారు అంది. పిల్లలు నవ్వారు. టీచరు కూడా కొంచెం నవ్వింది. ఆ నవ్వు నేను తట్టుకోలేకపోయాను. ఇక్కడ ఆగి ఉంటే నేను ఈ కథ చెప్పే పనే లేదు. ఆయనకి చెవులు వినబడవు, నాలుగేళ్లయింది, కావాలంటే వెనక నుంచి పిలిచి చూడమనండి అన్నాను. టీచరు నా దగ్గరికి వచ్చి వీపు తట్టి, అందరిచేతా చప్పట్లు కొట్టించింది. నోటుబుక్కులో ఎర్ర సిరాతో వెరీగుడ్ అని రాసింది. ఆ రోజు ఇంటికి ఎలా నడిచి వచ్చానో, నేల మీద కాళ్లు ఆనలేదు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట క్వారీ మేనేజరు ఇల్లు చేరితే చాలింది.

శనివారం ఒంటిపూట బడి. నేను వచ్చేసరికి పెదనాయన వాళ్ల ఇంటి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. క్వారీలో ఉండాల్సిన వేళ. పక్కన క్యారియరు మూత కూడా తియ్యకుండా ఉంది. మెడలో ఈల లేదు. మేనేజరు వెనక నిలబడి మూడుసార్లు పిలిచాడట. నాయన అమ్మకి చెబుతుంటే విన్నాను. ఈలని ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఇచ్చారు. మేనేజరుది తప్పని నేను ఇప్పటికీ అనలేను. చెవులు లేని మనిషి మీద ముప్పై ప్రాణాలు ఎవరు పెడతారు? తప్పు ఎవరిదో నాకు తెలుసు.

కానీ ఊరికి తెలియదు. పెదనాయన చెవుల సంగతి ఆయన భార్య పెద్దమ్మకి కాక, తనంతట తనే కనిపెట్టిన మా నాయన ఒక్కడికే తెలుసునట. పెద్దమ్మ అనుమానం మా ఇంటి మీద పడింది. గోడ మీద నుంచి గిన్నెలు రావడం ఆగిపోయింది. ఆవిడ నూరే ఊరిబిండి పచ్చడి లేకపోతే మా నాయనకి సంగటి దిగేది కాదు. అన్న నన్నెట్లా అనుమానించినాడో అని నాయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నేను ఆయన పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. నోరు విప్పలేదు. తరగతిలో అంత బాగా విప్పిన నోరు.

మూడో రోజు పొద్దున, వాళ్లకి ఇవ్వాల్సిన ఖాళీ గిన్నె పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను. అవతల పెద్దమ్మ ఆయన మొహానికి ఎదురుగా నిలబడి, పెదవులు కనబడేలా, కసిరినట్టు మాట్లాడుతోంది. మన బువ్వ తిన్నోళ్లే చెప్పినారు, వాళ్లు గాక ఎవురికి తెలుసు అంటోంది. పెదనాయన తల అడ్డంగా ఊపాడు.

"ఎవురూ చెప్పలా. నేనే పొయ్యి చెప్పినా, చెవులు పాయ, ఇంక నాతో కాదని. ఆ ఇంటోళ్లని ఒక్క మాట అనబాక."

ఆ మాట అంటూ తలెత్తాడు. గోడ మీద నుంచి నేను కనబడ్డాను. ఇల్లు దాటి తన రహస్యం తన నోటితో చెప్పింది నాకు ఒక్కదానికే. ఆయనకి అంతా తెలుసునని ఆ క్షణాన నాకు తెలిసిపోయింది. కోప్పడలేదు, సైగ చెయ్యలేదు. చూపు దించుకుని మెట్టు మీది దుమ్ము చేత్తో తుడిచాడు. మర్నాడు ఊరిబిండి గిన్నె మళ్లీ వచ్చింది. నాయన ఇష్టంగా తిన్నాడు. నేను ఆ గిన్నె ముట్టలేదు.

ఆ తర్వాత సెలవు రోజుల్లో మధ్యాహ్నం వెళ్లి ఆయన పక్కన కూర్చునేదాన్ని. పేలుళ్ల వేళకి అరచేతిని మెట్టుకి ఆనించేవాడు. పని పోయినా లెక్క మానలేదు. చివర్లో వేళ్లు చూపించేవాడు. ఒకసారి నా చెవులకి ఏడు వినబడ్డాయి, ఆయన ఎనిమిది చూపించాడు. సాయంత్రం నాయనని అడిగితే ఎనిమిదే అన్నాడు. ఆ సంగతి మేనేజరుకి చెప్పాలని మనసులో చాలాసార్లు బయలుదేరాను. గడప దాటలేదు. పెదనాయన మాత్రం నన్ను మాటలు అడిగేవాడు. దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు పాపా అని నా పెదవుల వైపు చూసేవాడు. నేను థడ్ అని చెప్పకుండా మాట మార్చేదాన్ని. ఆ మాటలు సంపాదించి పెట్టిన వెరీగుడ్ గుర్తొచ్చేది.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఆయన పోయాడు. అంతకు ముందు ఒకే ఒక్కసారి నా తప్పు ఒప్పుకున్నాను. ఆయన మెట్టు మీద కూర్చుని వీధి వైపు చూస్తున్నాడు. నేను వాళ్ల ఇంట్లోంచి వచ్చి, ఆయన వెనక నిలబడి, బడిలో చెప్పింది నేనే పెదనాయనా, నన్ను క్షమించు అన్నాను. గట్టిగానే అన్నాను. వినబడదని తెలిసే అన్నాను. ఆయన కదల్లేదు. మేనేజరు ఎక్కడ నిలబడి ఆయన్ని పిలిచాడో నేనూ సరిగ్గా అక్కడే, ఆయన వీపు వెనకే నిలబడ్డానని నాకు తర్వాతెప్పుడో తట్టింది.

ఇప్పుడు నా జుట్టు తెల్లబడుతోంది. తిరుపతిలో ఒక బడిలో ఆ మాటల బుట్టలు నేనే పిల్లలకి ఇస్తున్నాను. పొరపాటు చెయ్యని మనిషిని కాను, ఇంట్లోనూ బడిలోనూ చేస్తూనే ఉంటాను. కానీ ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడు ఫోనులో చెప్పను, చీటీ రాసి పంపను. ఎంత ఆలస్యమైనా ఆ మనిషి దగ్గరికి వెళ్లి, ముందుకొచ్చి నిలబడి, నా పెదవులు కనబడేలా చెబుతాను.