సారు చెప్పిన చైనా రాకుమారుడు

సారు పోయారన్న కబురు, సెలవు మీద ఊరెళ్లొచ్చిన మా రూమ్‌లో ఉండే ఒకతను సంచి కింద పెట్టకముందే చెప్పాడు. జ్వరమొచ్చి పోయారట. నాకు దుఃఖంతో పాటు ఆయన మీద కోపం కూడా ఉంది. ఎందుకో చెబుతాను.

జగిత్యాల దగ్గర బడిలో చరిత్ర చెప్పిన మనిషి, ఇక్కడ అరబ్బు దేశంలో, సలాలా పక్కన రైసూత్ పోర్టు కట్టే పనిలో స్టోర్ చూసేవారు. రూమ్‌లో అందరికంటే పెద్దాయన. పెట్టెలో రెండు చొక్కాలు, చైనా పాత చరిత్ర మీద బొమ్మల పుస్తకం ఒకటి. సాయంత్రం తన వంట వంతు వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంటే, ఆ పుస్తకంలోని రాకుమారుడి కథ మొదలుపెట్టేవారు. రొట్టెలు మాడుతున్నాయని మేం మొత్తుకుంటే, "మాడనియ్యుండ్రి, రాజ్యాలే మాడినయ్" అనేవారు.

ఒక చక్రవర్తి పుస్తకాలన్నీ తగలబెట్టించాడట. తర్వాతి వంశంలో పుట్టిన ఈ రాకుమారుడు, జనం గోడల్లో దాచుకున్నవి వెతికించాడు. ఎవరైనా తెస్తే అందంగా నకలు రాయించి, బంగారంతో సహా ఆ నకలు వాళ్లకిచ్చి, పాతది తానుంచుకునేవాడు.

"అసలుది ఉంచుకునుడేంది సారూ, మోసం కాదా?" అని నేనడిగితే, "బంగారమిచ్చిండు కదరా" అని నవ్వేవారు.

పండితులంతా ఆయన దగ్గరే చేరేసరికి, గద్దె మీదున్న తమ్ముడికి అనుమానం పుట్టింది. అది తెలిసి రాకుమారుడు పుస్తకాలు మూసేసి, తాగుడులో పడి, కొన్నాళ్లకే పోయాడు. "చదువుకున్నోన్ని సంపనీకి కత్తి అక్కర్లేదు, అనుమానం చాలు" అనేవారు సారు.

కొండల్లో తిరగబడినవాళ్లతో ఇక్కడి సర్కారుకు యుద్ధం నడుస్తున్న రోజులవి. వాళ్లకు చైనా తుపాకులు వస్తున్నాయని సలాలా బజారంతా చెప్పుకునేవారు. ఒక సాయంత్రం, పక్క క్యాంపులో తనిఖీ జరుగుతోందని, కాగితాలు కూడా చూస్తున్నారని తెలిసింది. మా అందరికీ సారు చైనా పుస్తకమే గుర్తొచ్చింది.

"ఇసుకల పాతిపెడదం సారూ" అన్నాను.

"దొరికితే నన్నొక్కన్నే పంపరు. రూమంతటినీ విమానమెక్కిస్తరు. ఇండ్లల్ల మీ మీద ఆశ పెట్టుకున్నోళ్లున్నరు."

ఆయనే ఒక్కో కాగితం చింపి పొయ్యిలో పెట్టారు. ఆ మంట మీదే రొట్టెలు కాల్చుకుని తిన్నాం. ఆకలి మరి. మర్నాడు తనిఖీకి వచ్చినవాళ్లు సారు చొక్కాలు ఎత్తి చూసి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆయన కథ చెప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా "మర్సిపోయిన" అనేవారు. మా ఊళ్ల పేర్లు, పిల్లల పేర్లు సైతం మర్చిపోని మనిషి. యుద్ధం ఆగిపోయింది, భయమూ పోయింది, అయినా చెప్పలేదు. అలాగే ఊరెళ్లిపోయారు. నా కోపం అదే.

నిన్న కబురు విన్నాక, సారంటే ఎవరని కొత్తగా వచ్చినతను అడిగాడు. రాకుమారుడి కథే చెప్పబోయాం. తలా ఒక ముక్క అందించాం. గోడల్లోని పుస్తకాలు, బంగారం, తమ్ముడి అనుమానం, అన్నీ వచ్చాయి.

"గా రాకుమారుని పేరేంది?" అన్నాడు కొత్తతను.

ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన్నే అడుగుదామన్నట్టు, అలవాటుగా అందరం సారు మంచం వైపు తిరిగాం. దాని మీద కూర్చుని, కొత్తతను బూట్లు విప్పుకుంటూ మా జవాబు కోసం చూస్తున్నాడు.