బోరు నీళ్లలో వాయువు, గుట్ట కింద వాలు

ఆమె కొలువు ఊరి చివర, గుట్ట పక్కనున్న పరిశోధన కేంద్రంలో. లోతైన బోరులోంచి నీళ్లు తోడి, వాటిలో రేడాన్ అనే వాయువు ఎంత కరిగుందో మీటరులో చూడాలి. గుట్టలోకి తవ్విన సొరంగంలో నేల వెంట్రుకవాసి ఒరిగినా చూపించే పరికరం ఒకటుంది, అదీ చూడాలి. రెండూ నగరంలోని ఆఫీసరుకు ఫోన్‌లో చెప్పాలి. భూకంపం వచ్చే ముందు ఇవి మారతాయేమోనని అక్కడివాళ్ల ఆశ.

ఒక ఏడాది రెండూ మారాయని ఆమె నోరు జారింది. వీధి వీధంతా మంచాలు బయటేసుకుని దోమలకు ఆహారమైంది. ఒక్క గిన్నె కదల్లేదు. అప్పట్నుంచి అందరికీ ఆమె ‘భూకంపం పిన్ని’. ఇక ఆ సంగతే ఎత్తకూడదని ఒట్టు పెట్టుకుంది.

ఈ వానాకాలం మళ్లీ వాయువు పెరిగింది. నేల గుట్టవైపు వాలింది.

“ఏమనుకోవాలి సార్?”

“వానల వల్ల కావచ్చమ్మా. కాకపోనూవచ్చు.”

“అదేం మాటండీ?”

“నాకు తెలిసిందే అంత,” అన్నాడు ఫోన్‌లో ఆఫీసరు పాపం.

ఆమె అక్క ఇల్లు సరిగ్గా గుట్టనానుకుని ఉంది, అన్నీ పాత గోడలు. చెబితే నవ్వులపాలు, చెప్పకపోతే మనసు ఊరుకోదు. చివరికి నడుం పట్టేసిందని అబద్ధమాడి, అక్కనీ బావనీ తన ఇంటికి రప్పించింది.

“నడుం పట్టేసిన మనిషివి అంత బిందె ఎలా ఎత్తావే?” అంది అక్క. బావ ముసిముసిగా నవ్వాడు.

మర్నాడు సాయంత్రం అక్క వంట ముగించి వాకిట్లోకొచ్చి కూర్చుందో లేదో, కాళ్లకింద పెద్ద లారీ దూసుకుపోయినట్టయింది. వంటింటి గోడ దబ్బున కూలింది. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని అలాగే ఉండిపోయారు.

బావ పరుగున వెళ్లి తమ ఇల్లు చూసొచ్చాడు. “మనింట్లో సున్నం పెచ్చు కూడా రాల్లేదు!”

అక్క చెల్లెలి వైపు తిరిగింది. “నిజం చెప్పు, నన్నెందుకు పిలిచావు?”

చెప్పింది.

“అయితే నన్ను బతికించాలని తీసుకొచ్చి, కూలే గోడ పక్కన నిలబెట్టావన్నమాట.” అక్క నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకు అంతుపట్టలేదు.

ఆఫీసరుకు ఫోన్ చేసింది. “అయితే అది సూచనేనా సార్?”

“అప్పుడు రాలేదు, ఇప్పుడొచ్చింది. కాకతాళీయమేమో. ఏమని చెప్పనమ్మా?”

కేంద్రానికి వెళ్లి మీటరు చూస్తే వాయువు తగ్గుతోంది. తగ్గడం మంచికో చెడుకో ఎవర్నడగాలి? ఇంటికొచ్చేసరికి, అంతకాలం ఎగతాళి చేసినవాళ్లే గేటు దగ్గర గుమిగూడి ఉన్నారు. “ఇంట్లోకి వెళ్లొచ్చా?”

“నాకు తెలీదు,” అంది. ఎవరూ నమ్మలేదు. తెలిసే దాస్తోందనుకున్నారు.

బట్టల సంచీ చంకన పెట్టుకుని అక్క వాకిట్లో నిలబడి ఉంది. “ఇంతకీ నన్నిప్పుడు ఏ ఇంట్లో ఉండమంటావే?”

ఆమె గుట్టవైపు చూసింది, కూలిన గోడవైపు చూసింది, అక్క పక్కనే చతికిలబడింది.