బ్రేకు మాస్టారి బండి

మా ఆయన్ని ఊళ్ళో అందరూ బ్రేకు మాస్టారు అనేవారు. ఇరవై రెండేళ్ళు కారు నడపడం నేర్పారు. ఆయన కూర్చునే పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉండేవి. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే ఆయన తన కాలితో తొక్కి ఆపేవారు. ఇంట్లో కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నా కాలు నేలకేసి నొక్కుతూనే ఉండేది. "ఇక్కడెవర్ని ఆపుతున్నారు?" అంటే, "నిన్నే. నీ నోటికి బ్రేకు లేదుగా" అనేవారు. నేను రోజు మొత్తం మీద మాట్లాడేది పది మాటలు. అందుకే ఇద్దరికీ నవ్వొచ్చేది.

ఊళ్ళో సగం మందికి నేర్పారు గాని నాకు నేర్పలేదు. అడిగితే రేపు అనేవారు. పిల్లల్లేరు మాకు. ఆయన, నేను, మా అత్తయ్య. ముగ్గురమే.

నాలుగు నెలల కింద ఒక పొద్దున, పాఠం చెబుతూ చెబుతూ ఆయన పోయారు. గుండె. నేర్చుకుంటున్నావిడ బ్యాంకులో పని చేస్తుంది. ఆవిడే వచ్చి చెప్పింది. "నేనేం చెయ్యలేదండీ. మాస్టారే ఒక చేత్తో స్టీరింగు పక్కకి తిప్పి, బండి ఆపేశారు. ఎందుకాపారని చూస్తే తల వాల్చేసి ఉన్నారు" అంది.

అత్తయ్య ఆ మాట పట్టుకుంది. పలకరించడానికి ఎవరొచ్చినా, "పోతూ పోతూ కూడా ఒకరి ప్రాణం కాపాడి పోయాడు నా కొడుకు" అనేది. ఇంటి ముందు నిలబెట్టిన బండిని రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచేది. తుడిచాక పక్క సీటు తలుపు తీసి, కాసేపు చూసి, మెల్లిగా వేసేది. నేను మాత్రం చెత్తబుట్ట బయట పెట్టి, అటు చూడకుండా లోపలికి వచ్చేసేదాన్ని.

అలా తుడుస్తూనే ఒకరోజు కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది.

డాక్టరు ఎక్స్‌రే ఫోటో దీపానికి పెట్టి చూపించాడు. "పది రోజుల్లో ఆపరేషన్ అయిపోవాలమ్మా. ఆలస్యమైతే ఇక మంచమే. ఈ వయసులో మంచాన పడితే ఒళ్ళు పుళ్ళు పడుతుంది, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది. ఎంతోకాలం బతకరు" అన్నాడు. వచ్చే గురువారం ఖాళీ ఉందట. బుధవారం కల్లా డబ్బు కట్టాలి. కాలికి కట్టు కట్టి ఇంటికి పంపేశారు.

ఇంట్లో అమ్మగలిగింది ఆ బండి ఒక్కటే.

ఆ మాట చెప్పేసరికి అత్తయ్య ఒంటికాలి మీద లేచింది. "అసలు నాకిప్పుడున్నది ఒంటికాలేగా" అని తనే అని, నవ్వబోయి, నొప్పికి ఏడ్చేసింది. "వాడు కూర్చుని పోయిన సీటే అది. అది అమ్మి నేను నడవాలా? నాకొద్దు. ఆ బండి మీద ఎవరు చెయ్యేసినా ఊరుకోను."

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. రెండు రోజులు మందు కూడా మింగలేదు. మూడో రోజు నొప్పి ఓర్చుకోలేక గోడవైపు తిరిగి అంది. "సరే. కాని నడిపేవాళ్ళకే ఇయ్యి. నా కొడుకు బండి రోడ్డు మీద తిరగాలి. తుక్కుకి గాని వేశావో, ఆపరేషన్ బల్ల మీంచి లేచొస్తా."

ఆవిడ ఒప్పుకోవడం ఊరికే మాటవరసకి కాదు. బండి ఆయన పేరు మీద ఉంది. అమ్మాలంటే భార్యగా నేనూ, తల్లిగా ఆవిడా ఇద్దరం కాగితం మీద సంతకం పెట్టాలట.

మా తమ్ముడికి ఫోన్లు బాగుచేసే కొట్టుంది. వాడొచ్చి బండికి ఫోటోలు తీసి, ఫోన్లో ప్రకటన పెట్టాడు. ఏం రాశాడో నేను చదవలేదు. మర్నాడు ఒకాయన ఫోన్ చేశాడు. మందుల షాపు ఓనరట.

"సింగిల్ హ్యాండేనా అమ్మా?" అన్నాడు.

"అవునండీ. ఆయనెప్పుడూ ఒక్క చేత్తోనే తిప్పేవారు" అన్నాను.

అటువైపు ఒక నవ్వు వినిపించింది. "బాగుందమ్మా. ఆదివారం వస్తాం" అన్నాడు.

ఆదివారం భార్యని తీసుకుని వచ్చాడు. మంచివాళ్ళలాగే ఉన్నారు. టీ ఇచ్చాను. ఆవిడ సీటు మీద చెయ్యి వేసి మెత్తగా ఉందంది. ఇక అయిపోయిందనే అనుకున్నాను. ఇంతలో ఆయన వంగి పక్క సీటు కింద చూశాడు.

"ఇదేంటమ్మా, రెండో బ్రేకు?"

"నేర్పేవారు కదండీ. అది ఆయనది."

"నేర్పేవారా? సింగిల్ హ్యాండ్ అన్నారు కదా!"

"ఒక్క చెయ్యేనండీ. రెండో చెయ్యి వాళ్ళ స్టీరింగు మీద ఎందుకు పెడతారు?"

ఆయనకి నవ్వాలో కోప్పడాలో తెలీలేదు. "సింగిల్ హ్యాండ్ అంటే ఒక్క మనిషే నడిపిన బండి అమ్మా! దీన్నెంతమంది నడిపారు?"

నాకు అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాకైనా ఊరుకోవచ్చు. వేళ్ళు మడిచి లెక్క వేశాను. "ఈ బండి కొని తొమ్మిదేళ్ళండీ. నెలకి పదిమంది చొప్పున వేసుకోండి. వెయ్యిమంది పైనే."

"రెండు వేల చేతులు" అన్నాడు భార్య వైపు చూసి. ఆవిడ సీటు మీంచి చెయ్యి తీసేసింది. "యాక్సిడెంట్లేమైనా అయ్యాయా అండీ?" అని నన్నడిగింది.

"ఒక్కటీ లేదమ్మా. పోయిన రోజు కూడా బండి ఆపాకే పోయారు."

"ఎవరు? ఇందులోనా?"

వాళ్ళు టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు.

తమ్ముడు తల బాదుకున్నాడు. "అక్కా, నువ్వు హరిశ్చంద్రుడి సొంత చెల్లెలివి. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. ఒక్క అబద్ధమాడి ఒక బండి అమ్మలేవా?"

"ఎక్కడ అబద్ధమాడాలో నాకు తెలిస్తే కదరా ఆడటానికి."

"ఇప్పుడు తెలిసిందిగా! ఇకనుంచి ఫోన్ మోగితే నాకియ్యి."

ఫోన్ మోగితే కదా. సోమవారం ఎవరూ చెయ్యలేదు. లోపల అత్తయ్య మూలుగుతోంది. ఒకవైపుకే పడుకుని నడుం కింద చర్మం ఎర్రబడింది. పౌడరు వేసి పక్కకి తిప్పబోతే, నా చెయ్యి పట్టుకుని "చంపేస్తున్నావే తల్లీ" అని అరిచింది. నేను వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పేసి, ఆ చప్పుట్లో నిలబడ్డాను. ఆయన పోయినప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యలేదు. అప్పుడు అయిపోయాక తెలిసింది. ఇది కళ్ళ ముందే అవుతోంది.

మంగళవారం మధ్యాహ్నం పాత బండ్లాయన వచ్చాడు. తమ్ముడే పంపాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు మూత ఎత్తి, దించాడు.

"ఇంజను, చక్రాలు పనికొస్తాయమ్మా. క్లచ్చి పిండి అయిపోయింది. విడగొట్టాల్సిందే." చెప్పిన ధర నేననుకున్నదాంట్లో సగం. ఆపరేషన్‌కి మాత్రం సరిపోతుంది.

"నడపరా దీన్ని?"

"నడపడమా! దీన్ని నడిపితే నన్ను మా ఆవిడ ఇంటికి రానివ్వదు."

"ఇంకొంచెం చూడండి."

"చూశానుగా. సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుని చూసినా అంతే."

రేపే బుధవారం. ఆయన్ని ముందుగదిలో కూర్చోబెట్టి, కాగితం, కలం పట్టుకుని లోపలికెళ్ళాను. రెండు గదుల మధ్య తలుపు కూడా లేదు, ఒట్టి కర్టెనే.

"ఎవరే కొంటున్నది?" అంది అత్తయ్య.

"డ్రైవింగ్ నేర్పే ఆయనే అత్తయ్యా. రెండో బ్రేకుందని చూసి, వెతుక్కుంటూ వచ్చారు."

మాట దానంతటదే వచ్చింది. నా గొంతే, కాని నేను కాదు. ముందుగదిలో కుర్చీ కిర్రుమంది.

"అరుస్తాడా మనిషి? మా వాడు ఒక్కరి మీద అరిచి ఎరగడు."

"నెమ్మదస్తుడే అత్తయ్యా."

"పిలు. చూస్తాను."

"ఎందుకత్తయ్యా, ఆయనకి ఆలస్యమవుతోంది."

"ఏం, పాఠం చెప్పేవాడికి ఒక ముసలిదానికి మొహం చూపించే తీరికుండదా?"

కర్టెన్ తీశాను. ఆయన అన్నీ విన్నాడు. ఏమీ అనకండని చేతులు జోడించాను. ఆయన నన్ను చూసి, గ్రీజు చేతులు లాగు వెనక తుడుచుకుని లోపలికొచ్చాడు. అత్తయ్య పైనుంచి కిందిదాకా చూసింది.

"మొదటి రోజు ఏం నేర్పుతావు నాయనా?"

"గేర్లమ్మా" అన్నాడు.

"తప్పు. మా వాడు ముందు ఆపడం నేర్పేవాడు. ఆపడం వచ్చినవాడికే పోవడం అనేవాడు."

ఆయన తల దించుకున్నాడు. "అదీ నిజమేనమ్మా. రేపట్నించి అలాగే చెబుతాను."

అత్తయ్య నా వైపు చెయ్యి చాపింది. కలం ఇచ్చాను. రాయడం వచ్చిన మనిషే. తన పేరు పూర్తిగా, ఒక్కొక్క అక్షరం గట్టిగా నొక్కి పెట్టింది.

బయటికొచ్చాక ఆయన నాతో, "ఇలాంటి పనులు నాతో చేయించకండమ్మా. మా ఇంట్లోనూ ముసలామె ఉంది" అన్నాడు. ధర మాత్రం ఒక్క పైసా పెంచలేదు.

బ్యాటరీ చచ్చిపోయింది. తాడు కట్టి లాక్కెళతానన్నాడు. "వద్దండీ. తాడు కడితే ఆవిడకి తెలిసిపోతుంది. ఇంజను చప్పుడు వినాలి" అని కాళ్ళావేళ్ళా పడ్డాను. చివరికి ఆయన లోపల కూర్చున్నాడు. తమ్ముడూ నేనూ వెనకనుంచి తోశాం. అన్నేళ్ళలో ఆ బండి మీద నేను రెండు చేతులూ ఆనించడం అదే మొదలు. రెండిళ్ళు దాటాక దగ్గినట్టు దగ్గి అందుకుంది. నేను ముందుకి పడబోయాను. లోపలికొస్తే అత్తయ్య కళ్ళు మూసుకుని ఉంది. "మంచి స్టార్టింగే" అంది.

బుధవారం డబ్బు కట్టాం. గురువారం ఆపరేషన్ అయింది. ఎముక అతుక్కుంది. మొదట్లో మంచం పట్టుకుని, తర్వాత వాకరు పట్టుకుని లేచింది. డాక్టరు, "నడిపించండమ్మా, ఎంత నడిస్తే అంత మంచిది" అన్నాడు.

నేను కూరగాయలకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ అడుగుతుంది. "కనబడిందా?"

మొదటి రోజు "లేదత్తయ్యా" అన్నాను. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. రెండో రోజు నాలుగు రోడ్ల దగ్గర కనబడిందన్నాను. ఎవరు నేర్చుకుంటున్నారంది. ఎవరో కాలేజీ అమ్మాయి అన్నాను. అప్పట్నించి రోజూ ఒకరిని పుట్టించాలి. ఒకరోజు ఎవరో లెక్చరరు గారు గేరు మార్చలేక చెమటలు కక్కారంటే, అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. తర్వాత గిన్నెలు తోముతూ ఏడ్చాను. ఆ బండి ఇంజను ఏ బండిలో ఉందో, తలుపులు ఏ గోడకి ఆనించి ఉన్నాయో.

ఆవిడ నడవాలనే కదా ఇదంతా. ఇప్పుడు వాకరు టకటకమని గుమ్మం దాకా వస్తే నా గుండె జారిపోతోంది.

నిన్న సాయంత్రం తనే చెప్పులేసుకుని కూర్చుంది. "పద. నాలుగు రోడ్ల దగ్గరికి వెళదాం. నీ నోటితో వినడం కాదు, నేను చూస్తాను."

"ఎండగా ఉందత్తయ్యా."

"ఎండకి కరిగిపోవడానికి నేనేం వెన్నముద్దనా? పద."

అరగంట పట్టింది. ఇస్త్రీ కొట్టతను తన బల్ల జరిపి కూర్చోమన్నాడు. అత్తయ్య వాకరు ముందు పెట్టుకుని, వచ్చే ప్రతి బండినీ చూస్తోంది.

"అదా?"

"కాదత్తయ్యా."

"ఆ వెనకది?"

"అది వేరే రంగు కదా."

వీధిలైట్లు వెలిగేదాకా కూర్చున్నాం. నేను ఆవిడ మొహంలోకి చూడలేక రోడ్డు వైపే చూశాను. నిజంగా వస్తుందేమో అన్నట్టు.

చివరికి అత్తయ్య వాకరు పట్టుకుని లేచింది. "ఇవాళ పాఠం తొందరగా అయిపోయినట్టుంది. రేపు పెందలాడే వద్దాం" అంది.

సరేనన్నాను.