బీరపందిరి గుంత

కెనడా సరిహద్దుకి దగ్గర్లో, వాషింగ్టన్ రాష్ట్రంలో మేం కొత్తగా ఇల్లు కొన్న రోజులవి. బస్సులో ఇంటికి వస్తూ మా ఆయనకి ఫోన్ చేశాను. “పెరట్లో పసుపు స్తంభం పక్కనే బీరపందిరికి గుంత తీస్తున్నారా? లోతుగా తియ్యండి, గాలికి పడిపోకుండా.”

ఫోన్ పెట్టగానే ముందు సీట్లో ఆయన వెనక్కి తిరిగాడు. తెలుగువాడే.

“అక్కడ తవ్వించకండమ్మా. ఆ స్తంభం ఉందంటే కింద కెనడా నుంచి వచ్చే గ్యాస్ పైప్‌లైన్ ఉన్నట్టే.”

“మాకు వాసనేం రాలేదే!”

“పెద్ద పైపులో గ్యాస్‌కి చాలాచోట్ల వాసన ఉండదు. ఊళ్లోకి ఇచ్చేటప్పుడు కలుపుతారు. స్తంభం మీద నంబరుంటుంది, కాల్ చేయండి, ఫ్రీగా వచ్చి చూస్తారు. ఇంతకీ మీ ఇల్లెక్కడ?”

ఆ ఆఖరి ప్రశ్న నాకు నచ్చలేదు. నాకు చదువు రాని రోజుల్లో తియ్యగా మాట్లాడి వేలిముద్ర వేయించుకున్నవాళ్లను చూసినదాన్ని. జవాబు చెప్పకుండా ఒక స్టాప్ ముందే దిగిపోయాను.

ఆయన నా వెంట దిగలేదు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి గడ్డపారతో పొడుస్తున్నట్టు చేతులాడించి, వద్దని తల ఊపాడు.

అప్పుడు భయం వేసింది. సన్నగా పడుతున్న తుంపరలోనే నిలబడి మా ఆయనకి మళ్లీ ఫోన్ చేశాను.

“గడ్డపార కింద పెట్టండి.”

“ఇప్పుడేగా లోతుగా తియ్యమన్నావ్?”

“బస్సులో ఎవరో వద్దన్నారు. నేనేం నమ్మడం లేదు గానీ, ముందు కింద పెట్టండి.”

ఆ నంబరుకి ఫోన్ చేస్తే మనుషులొచ్చి కింద పైపు పోయే దారి వెంట గడ్డి మీద పసుపు గీత గీశారు. అది మా ఆయన సగం తీసిన గుంత మీదుగానే పోయింది.