ఇరవైనాలుగు గంటల హాలెట్

ఒక మాట నిజమో కాదో తేల్చుకోవడానికి మీకెంతసేపు పడుతుంది? థేమ్స్ ఒడ్డున సముద్రపు టెలిగ్రాఫ్ కేబుళ్లు చేసే కర్మాగారంలో ఇంజనీరు ఆంబ్రోజ్ హాలెట్‌కు సరిగ్గా ఇరవైనాలుగు గంటలు పట్టేది. రాగితీగను అతికి, నీరు చొరకుండా పైన చెట్టుబంక పూసిన ప్రతి అతుకునూ ఒక పగలూ ఒక రాత్రీ నీటి తొట్టిలో నానబెట్టి, విద్యుత్తు కారడంలేదని తేలాకే ఆయన ఆమోదించేవాడు. చిక్కేమిటంటే, ఆ నియమాన్ని ఆయన లోకమంతటికీ వర్తింపజేశాడు.

“మాంసం ఉడికిందా సార్?” అని బసయింటావిడ అడిగితే, “రేపు ఈపాటికి చెబుతాను” అనేవాడు. ఒకామె తానే చొరవచేసి పెళ్లిమాట ఎత్తినప్పుడూ ఒకరోజు గడువు కోరాడట. సాయంత్రానికల్లా ఆమె రొట్టెల దుకాణంవాడికి మాటిచ్చేసింది.

అందరికంటే ఎక్కువగా నవ్వినవాడు అతుకులు వేసే ముసలి జోబ్ పెన్‌ఫోల్డ్.

“పదకొండేళ్లుగా నా అతుకు ఒక్కటీ కారలేదు. ఇంకా ఎందుకు సార్ ఈ స్నానాలు?”

“నానాలి, జోబ్.”

“పసిపిల్లయితే ఈపాటికి జలుబు చేసి పోయేది!”

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, మరచిపోయిన పొగాకు పైపు కోసం జోబ్ తొట్ల గదికి తిరిగి వెళ్లాడు. హాలెట్ చొక్కా చేతులు మడుచుకుని, సెగమీద బంక కరిగిస్తూ, కోసేసిన అతుకును మళ్లీ వేస్తున్నాడు.

“ఎవరిదది?”

“నీదే.”

“ఇలాంటివెన్ని?”

“ఈ ఏడాది పంతొమ్మిది.”

జోబ్ బల్లమీద కూలబడ్డాడు. నాలుగు గంటలు నానితే చాలునని అందరూ మొత్తుకుంటున్నా, మిగిలిన ఇరవై గంటలూ ఎవరి తప్పులు గుట్టుగా దిద్దడానికో అతనికి అప్పుడు బోధపడింది.

“నా కళ్లేనా కారణం?”

“కళ్లే. తీగమీది తడి నీకు కనిపించడంలేదు. బొటనవేళ్లకు మాత్రం ఏ లోపమూ రాలేదు.”

జోబ్ నడుముకు కట్టుకున్న తోలుగుడ్డ విప్పేశాడు. “నన్ను పంపేయండి సార్. ఒక్కటి మీ చెయ్యి తప్పించుకుని సముద్రం అడుగుకు పోయిందంటే, రెండు దేశాల నోరు పడిపోతుంది. ఆ బరువు నేను మోయలేను. ఏం, దీనికీ రేపటిదాకా గడువు కావాలా?”

“అక్కర్లేదు.”

హాలెట్ చేతులు తుడుచుకుని, కోటు తొడుక్కుని, జోబ్‌ను వెంటబెట్టుకుని మేనేజరు గదికి నడిచాడు. మేలు చేసినా దాపరికం దాపరికమేనని ముందుగా ఒప్పుకున్నాడు. ఆపైన తన నిర్ణయం చెప్పాడు: ఇకమీదట తీగను తుడిచి అతకడం తన పని, బంకను వేళ్లతో సాపుచేయడం జోబ్ పని, ప్రతి అతుకుకూ ఇద్దరూ బాధ్యులే, కుదరదంటే ఇద్దరూ ఈ గుమ్మం దాటి కలిసే వెళ్లిపోతారు.