మేస్త్రీ గారి అమ్మాయికి నేను చెప్పిన అబద్ధం

మొన్న ఆదివారం పొద్దున పేపరు విప్పగానే మధ్యలోంచి రంగుల కరపత్రం ఒకటి జారి ఒళ్లో పడింది. బాచుపల్లిలో మా ఇంటి చుట్టూ ఇప్పుడన్నీ కాలేజీలే కనుక ఇదేం కొత్త కాదు. ఎంసెట్‌లో ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు, ఒక్కో మొహం కింద ఒక్కో అంకె. మావారు దాన్ని మడిచి అవతల పెట్టబోతుంటే ఇలా ఇవ్వండని తీసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. తెలిసినవాళ్ల పిల్లలెవరైనా ఉన్నారేమో వెతుకుతున్నాననుకున్నారాయన. నాకు గుర్తొచ్చింది మాత్రం, ఇలాంటి కాగితం దాకా వెళ్లే దారిలో నేనే ఆపేసిన ఒక అమ్మాయి. ఇన్నేళ్లుగా మావారికి కూడా చెప్పలేదు ఆ సంగతి.

తొంభైల చివర్లో, పెళ్లయ్యాక గుంటూరు వైపు నుంచి మావారి గవర్నమెంటు ఉద్యోగం వెంట హైదరాబాదు వచ్చిన కొత్తలో, మూసాపేటలో ఒక చిన్న జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్‌గా చేరాను. కింద కుళాయిలూ పైపులూ అమ్మే దుకాణం, పైన రెండంతస్తుల్లో మా క్లాసులు, హైవే మీద లారీ పోయినప్పుడల్లా నా గొంతు నాకే వినపడేది కాదు. నా ఈడు వాళ్లకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మాదాపూర్‌లో బండరాళ్లు పేల్చి గుండ్రటి బిల్డింగు కడుతున్నారనీ, అందులో అన్నీ కంప్యూటర్లేననీ ఊరంతా చెప్పుకునేవారు, ఆదివారాలు స్కూటర్ల మీద పిల్లల్ని ఎక్కించుకెళ్లి దూరం నుంచి చూపించి తీసుకొచ్చేవారు. మేమూ వెళ్లి చూసొచ్చాం. దాంతో పదో తరగతి గట్టెక్కిన ప్రతి పిల్లనీ ఎంపీసీలో చేర్చడం, రెండేళ్లు ఇంట్లో టీవీ కట్టేసి ఎంసెట్ ఎంసెట్ అని జపం చేయడం మొదలైంది.

ఆ బిల్డింగులోనే ప్లాస్టరింగ్ పని చేసే మేస్త్రీ ఒకాయన తన కూతుర్ని మా కాలేజీలో చేర్చాడు. పాలమూరు వైపు వాళ్లు, మదీనాగూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవారు. చేర్పించిన రోజు నా బల్ల ముందు నిలబడి, పిల్ల నెత్తి మీద చెయ్యి వేసి, "గా బిల్డింగుల గోడలు నేను జేస్తున్న మేడం, రేపు అండ్లనే కుర్సీల నా బిడ్డ కూసోవాలె" అన్నాడు. ఆ పిల్ల సిగ్గుపడి తల దించుకుంది. తెలుగు మీడియంలో చదివింది, ఇంగ్లీషు పుస్తకం చేతిలో పడేసరికి మొదటి ఆరు నెలలూ తడబడింది, పరీక్షల్లో సగం లెక్కలకే టైమ్ అయిపోయేది. కానీ చేసిన సగంలో తప్పు ఉండేది కాదు. సూత్రం బట్టీపట్టి ఊరుకునే రకం కాదు, అది ఎందుకొచ్చిందో తెలిస్తేగాని పెన్ను కదిలించేది కాదు.

మొదటి సంవత్సరం పరీక్షలు అవగానే వేసవి సెలవుల్లోనే రెండో సంవత్సరం పాఠాలు మొదలుపెట్టేవాళ్లం. ఒకరోజు ఏడు రకాల పూలతో ఎన్ని రకాల దండలు గుచ్చవచ్చునన్న లెక్క చేసి, బోర్డు మీద ఏడు వందల ఇరవై అని రాసి కింద గీత గీశాను. వెనక నుంచి రెండో బెంచీలో ఆ పిల్ల లేచి నిలబడింది.

"మేడం, దండను తిర్గేసి వేస్కుంటే గదే దండ గద? మరి రెండుసార్లు ఎందుకు లెక్కవెట్టాలె?"

ముందు క్లాసంతా ఆమె మాటతీరుకి నవ్వింది. తరవాత ఎవరికో అర్థమై నవ్వు ఆపారు, ఒక్కొక్కరే నా వైపు చూశారు. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. జవాబులో సగమే రావాలి, రెండుతో భాగించడం నేను మర్చిపోయాను. ఆ పిల్ల మొహంలో ఎగతాళి లేదు, ఏదో కనిపెట్టిన సంతోషం తప్ప. నేను మాత్రం గబగబా బోర్డు తుడిచేసి, కూర్చో, రేపు చెప్తానన్నాను. మర్నాడు కావాలనే తప్పు రాశాననీ, ఎవరు పట్టుకుంటారో చూద్దామనుకున్నాననీ బొంకాను. ఎవరూ నమ్మలేదు. చిన్న పొరపాటు, ఒప్పుకుంటే అక్కడితో పోయేది. కానీ కొత్త ఉద్యోగం, చిన్న వయసు, పైగా లెక్కల్లో నన్ను మించినవాళ్లు లేరని మా ఊళ్లో పేరు, ఆ ముల్లు లోపలే ఉండిపోయింది.

జూన్‌లో కాలేజీ తెరవగానే ప్రిన్సిపాల్ గారు లెక్చరర్లందర్నీ పిలిచారు. వచ్చే ఏడు కరపత్రంలో అందరూ పాసైనట్టు ఉండాలట. ఒక్కొక్కరూ తమ సెక్షన్ నుంచి నిలదొక్కుకోలేని ఇద్దరి పేర్లు రాసిస్తే, ఆ తల్లిదండ్రులకి నచ్చజెప్పి వేరే కాలేజీలో ఆర్ట్స్ గ్రూపులో చేర్పించమందాం అన్నారు. అంటే మళ్లీ మొదటి సంవత్సరం నుంచి చదవాలి. మొదటి పేరు తేలికగానే రాశాను, ఆ అబ్బాయి కాలేజీకి వచ్చిందే తక్కువ. రెండో పేరుగా రాయాల్సింది మావారి ఆఫీసులో పనిచేసే ఆయన కూతురిది. టైమ్ చాలక మేస్త్రీ గారి అమ్మాయికీ మార్కులు తక్కువే, అయినా ఆ పిల్లకి ఆమె కన్నా ఇంకో నాలుగు తక్కువ. వేసవిలో పెట్టిన పరీక్ష పేపర్ల కట్ట నా ముందే ఉంది. నేను మేస్త్రీ గారి అమ్మాయి పేరు రాశాను. పాపం వాళ్లకి ఇంజనీరింగు చదువు భారమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రాస్తున్నప్పుడు కళ్ల ముందు మెదిలింది ఆ దండ లెక్కేనని నాకు తెలుసు.

కబురు పెడితే మేస్త్రీ పని మధ్యలోంచి వచ్చాడు, మోచేతుల దాకా సిమెంటు. కుర్చీ చూపించినా, మురికి అంటుతుందని కూర్చోలేదు. ప్రిన్సిపాల్ గారు చెప్పాల్సిందంతా చెప్పి, లెక్కల మేడం గారే ఉన్నారు, అడగండి అన్నారు. ఆయన నా వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"మీరు సదువు జెప్పేటోళ్లు, మీకు ఎర్కే గదా. మీరెట్ల అంటే గట్లనే మేడం."

నేను నోరు తెరిచేలోపు తలుపు దగ్గర నిలబడ్డ ఆ పిల్ల రెండడుగులు ముందుకొచ్చింది. ఏడవడం లేదు. క్లాసులో సందేహం అడిగినట్టే అడిగింది.

"నాకు నిజంగనే లెక్కలు రావా మేడం?"

"రావమ్మా" అన్నాను.

ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, సరే అన్నట్టు తలూపింది. ఎందుకని అడగలేదు. ఆ పిల్ల ఎందుకని అడగకుండా నమ్మింది నేను చూసినంతలో ఆ ఒక్కసారే. తండ్రి నాకు దండం పెట్టి, కూతురి సంచి తన భుజానికి తగిలించుకుని మెట్లు దిగిపోయాడు.

కొన్నేళ్ల తరవాత మా అత్తగారికి ఒంట్లో బాగాలేక ఒక ఆస్పత్రిలో చేర్చాం. అప్పటికి నేను కాలేజీ మారాను, పేరున్న లెక్చరర్నయ్యాను. సాయంత్రం గేటు దగ్గర పళ్లు కొంటుంటే, మేడం అని ఎవరో పిలిచారు. ఆ మేస్త్రీయే, జుట్టు నెరిసింది. డ్యూటీ దిగే కూతురి కోసం వచ్చాడట. ఇంటర్ మళ్లీ మొదటినుంచి చదివి, నర్సింగ్ చేసి, అక్కడే పిల్లల వార్డులో పనిచేస్తోందని గర్వంగా చెప్పాడు. డ్రిప్పులో నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో, పసిపిల్లకి మందు ఎంతివ్వాలో కాగితం లేకుండా చెప్పేస్తుందని, తక్కిన నర్సులంతా ఆమెనే అడుగుతారని కూడా చెప్పాడు. "అయినా నాకు లెక్కలు రావు నాయినా అంటది ఇప్పటికీ. మీరు ముందుగాలనే నిజం జెప్పి మంచి జేసిండ్రు మేడం, లేకుంటే పరేషాన్ అయితుంటిమి" అన్నాడు.

ఇంతలో ఆమె వచ్చింది. నన్ను చూడగానే గుర్తుపట్టి, "బాగున్నరా మేడం" అంటూ నా చేతిలోని పళ్ల సంచి అందుకోబోయింది. చెప్పాలి, ఇప్పుడే ఇక్కడే చెప్పాలి అనుకున్నాను. నీకు లెక్కలు వచ్చమ్మా, నేనే అబద్ధమాడానని. చెబితే పోయేది నా పరువొక్కటే. "సంతోషం అమ్మా" అని మాత్రం అన్నాను. మా అత్తగారున్నది వేరే అంతస్తు కాబట్టి, తక్కిన మూడు రోజులూ పిల్లల వార్డు వైపు వెళ్లకుండా తప్పించుకు తిరిగాను. తరవాత మళ్లీ వెళ్లి వెతికితే, ఆ అమ్మాయి పెళ్లి చేసుకుని మానేసిందన్నారు, ఎక్కడుందో అక్కడెవరూ చెప్పలేకపోయారు.

ఇప్పుడు మాదాపూర్ వెళ్తే ఆ గుండ్రటి బిల్డింగు చుట్టుపక్కల అద్దాల మేడల మధ్య చిన్నదైపోయినట్టు కనిపిస్తుంది, పేల్చడానికి ఇంకో బండరాయి కూడా మిగల్లేదు. కాలేజీలూ మారాయి. అప్పట్లో కలిసి పనిచేసినవాళ్లం కలుసుకున్నప్పుడల్లా అందరిదీ ఒకటే మాట, ఈ కాలం తల్లిదండ్రులకి లెక్చరరంటే గౌరవం లేదని, మార్కు తగ్గితే నిలదీస్తారని, పేపరు తీసి చూపించమంటారని. నేనూ అవునన్నట్టు తలూపుతూ కూర్చుంటాను. లోపల మాత్రం, ఆ రోజు ఆ మేస్త్రీ చేతులు కట్టుకోకుండా ఆ పేపరొకసారి చూపించమని నన్ను అడిగుంటే ఎంత బాగుండేదో అనుకుంటాను.